సరుకు బండ్ల అసలు మైలేజీ: తెనాలి, బాపట్ల, రేపల్లె

కృష్ణా పశ్చిమ డెల్టాలో నిమ్మకాయల బస్తా యార్డుకు చేరాలన్నా, రొయ్యల మేత చెరువు గట్టుకు వెళ్ళాలన్నా, పాల క్యాన్లు డెయిరీకి అందాలన్నా మధ్యలో పనిచేసేది మూడున్నర టన్నుల లోపు చిన్న సరుకు బండి. టాటా ఏస్, ఇంట్రా, బొలెరో పికప్, అశోక్ లేలాండ్ దోస్త్, మారుతి సూపర్ క్యారీ ఈ తరగతిలోవి. ఇవి లీటరు ఇంధనానికి నిజంగా ఎంత దూరం నడుస్తాయి, కంపెనీ చెప్పే అంకెకూ రోడ్డు మీద వచ్చే అంకెకూ ఎందుకింత తేడా, ఆ తేడాలో డెల్టా నేలకూ పంటలకూ ఎంత వాటా ఉందన్నది ఈ వ్యాస విషయం. బండి కొనేముందు ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ‘ఎంత ఇస్తోంది?’ అన్నదే. సరుకు బండి విషయంలో ఆ ప్రశ్నకు వచ్చే జవాబు సగం జవాబే. ఎంత బరువు మోస్తూ ఇచ్చింది, తిరుగు ప్రయాణంలో ఏం తెచ్చింది అన్నవి కూడా తెలిస్తేనే లెక్క పూర్తవుతుంది.

తెనాలి గుంటూరు జిల్లాలో ఉంది. బాపట్ల, రేపల్లె 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. మూడు ఊళ్ళ మధ్య నేల దాదాపు సమతలం, సముద్రం వైపు కనిపించీ కనిపించనంత వాలు. కత్తిపూడి నుంచి ఒంగోలు వెళ్ళే 216వ నంబరు జాతీయ రహదారి పెనుమూడి–పులిగడ్డ వంతెన మీద కృష్ణను దాటి రేపల్లె, బాపట్ల మీదుగా చీరాల వైపు సాగుతుంది. మిగిలినవి ఎక్కువగా కాలువ కట్టల వెంట, ఊళ్ళ నడిమధ్యగా పోయే రోడ్లు.

బండ్లు ఎలా వచ్చాయి

1980ల మధ్యలో జపాను కంపెనీల భాగస్వామ్యంతో నాలుగు తేలికపాటి ట్రక్కులు మన దేశంలోకి వచ్చాయి. వాటిలో ఒకటి తెలుగు నేల మీదే తయారైంది. హైదరాబాద్ ఆల్విన్ సంస్థ నిస్సాన్‌తో కలిసి జహీరాబాదులో ఆల్విన్ నిస్సాన్ ట్రక్కులు చేసింది. తర్వాత ఆ కర్మాగారం మహీంద్రా చేతికి వెళ్ళింది. 2015లో వచ్చిన జీతో మినీ ట్రక్కు అక్కడిదే. 1986లో టాటా 407 రంగంలోకి దిగి చాలాకాలం చిన్న ట్రక్కు అంటే తానే అన్నట్టు నిలిచింది.

ఈ ప్రాంతపు రవాణాను నిజంగా మార్చింది 2005 మేలో విడుదలైన టాటా ఏస్. 702 సీసీ, రెండు సిలిండర్లు, 16 అశ్వశక్తి, ముప్పావు టన్ను లోడు. అప్పటిదాకా మూడు చక్రాల ట్రాలీ ఆటోకూ 407కూ మధ్య ఉన్న ఖాళీని అది నింపింది. దేశం మొత్తం మీద 20 లక్షలకు పైగా అమ్ముడైంది. 2011లో టన్నుంపావు లోడుతో అశోక్ లేలాండ్ దోస్త్, 2016లో సూపర్ క్యారీ, 2019లో ఇంట్రా వచ్చాయి. ఏస్ కంటే పెద్ద లోడు కావాలనుకునేవాళ్ళకు 2,523 సీసీ ఇంజనుతో బొలెరో పికప్ ఉంది. దాని రకాలు 1.3 టన్నుల నుంచి 1.7 టన్నుల వరకు మోస్తాయి.

అమెరికా తరహా పికప్‌కు దగ్గరగా ఉండే బండి కూడా ఆంధ్రప్రదేశ్‌లోనే తయారవుతోంది. ఇసుజు సంస్థ శ్రీసిటీలో 2016 ఏప్రిల్‌లో ప్రారంభించిన కర్మాగారం నుంచి డి-మ్యాక్స్, వి-క్రాస్ బయటికి వస్తున్నాయి. అమెరికా కొలతల్లో వీటిని మధ్యరకం పికప్‌లనే అంటారు.

బ్రోచరులోని అంకె

భారతదేశంలో తేలికపాటి వాహనాల మైలేజీని ప్రయోగశాలలో రోలర్ల మీద నడిపి కొలుస్తారు. పుణెలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ పేరు మీదుగా దాన్ని ‘ఏఆర్ఏఐ మైలేజీ’ అనడం అలవాటైంది. ఈ పరీక్ష సుమారు 20 నిమిషాలు సాగుతుంది. గరిష్ఠ వేగం గంటకు 90 కి.మీ., సగటు వేగం 30 కంటే కాస్త ఎక్కువ. బండి ఖాళీ బరువుకు 150 కిలోలు కలిపి, ఆ బరువుకు సరిపడే నిరోధాన్ని రోలర్లకు అమరుస్తారు.

కారు విషయంలో ఈ 150 కిలోలు అన్యాయమేమీ కాదు, ఇద్దరు మనుషుల బరువు అది. టన్నున్నర మోయడానికే పుట్టిన బండిని 150 కిలోలతో కొలిచి వచ్చిన అంకెను పెద్ద అక్షరాలతో వేయడం మాత్రం కొనుగోలుదారును దారి తప్పిస్తుంది. పొలంలో, యార్డులో, హార్బరులో ఆ బండి బతికే బతుకుకూ ఆ అంకెకూ సంబంధం తక్కువ. ఎదురుగాలి, గతుకులు, గేటు దగ్గర ఆగడం, మధ్యాహ్నపు ఎండ ఏవీ ఆ గదిలో ఉండవు.

లోడు ఎంత తింటుంది

బరువు రెట్టింపైతే మైలేజీ సగమవుతుందని చాలామంది అనుకుంటారు. చదును నేల మీద అలా జరగదు. ఎందుకో ఒక ఉదాహరణతో చూడవచ్చు. ఖాళీ బరువు 1,700 కిలోలున్న పికప్ మంచి తారురోడ్డు మీద గంటకు 60 కి.మీ. వేగంతో పోతోందనుకుందాం. టైర్లు దొర్లడానికి సుమారు 20 కిలోల బలం, గాలిని తోసుకుని పోవడానికి సుమారు 27 కిలోల బలం కావాలి. టన్నున్నర లోడు వేస్తే మొదటిది 38 కిలోలకు పెరుగుతుంది, రెండోది ఉన్నచోటే ఉంటుంది. మొత్తం 47 నుంచి 65కు చేరింది. బండి బరువు దాదాపు రెట్టింపయినా కావలసిన బలం పెరిగింది నలభై శాతం లోపే. అదే లోడుతో వేగాన్ని 80కి పెంచితే గాలి వాటా 48 కిలోలకు ఎగబాకుతుంది, మొత్తం 86. అంటే 60 నుంచి 80కి వేగం పెంచడం వల్ల మరో మూడో వంతు ఖర్చు నెత్తిన పడుతుంది. డెల్టా రోడ్ల మీద లోడు కంటే తొందరకే ఎక్కువ డీజిలు పోతుందని చెప్పడానికి ఈ లెక్క చాలు.

ఇప్పుడు ధాన్యం బస్తాలతో చూద్దాం. కోస్తాలో బస్తా అంటే 75 కిలోలు. ఏస్ పది బస్తాలు వేసుకుని లీటరుకు 15 కి.మీ., ఖాళీగా 19 కి.మీ. ఇస్తుందని, పికప్ ఇరవై బస్తాలతో 11, ఖాళీగా 15 ఇస్తుందని అనుకుందాం. 30 కి.మీ. దూరంలోని మిల్లుకు ఇరవై బస్తాలు చేర్చాలి. ఏస్ రెండుసార్లు వెళ్ళి రావాలి, మొత్తం 7.2 లీటర్లు. పికప్‌కు ఒక్క ట్రిప్పు, 4.7 లీటర్లు. మైలేజీలో వెనకబడిన బండే పనిలో ముందుంది. అదే ఎనిమిది బస్తాలే ఉంటే ఏస్ మూడున్నర లీటర్లతో పని ముగిస్తుంది, పికప్‌కు అంతకంటే ఎక్కువే పోతుంది. ఏ బండి మంచిదన్న ప్రశ్నకు రైతు పొలమెంత, బేరమెంత అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

తిరుగు లోడు దగ్గర ఈ విషయం ఇంకా స్పష్టమవుతుంది. పైన చెప్పిన పికప్ మిల్లు నుంచి ఖాళీగా వస్తే రానూపోనూ సగటు మైలేజీ 12.7. వచ్చేటప్పుడు టన్నున్నర ఎరువుల బస్తాలు దొరికితే సగటు 11కు పడిపోతుంది, డీజిలు 5.5 లీటర్లవుతుంది. మైలేజీ చూసేవాడికి ఇది నష్టం. టన్ను సరుకు చేర్చడానికి మాత్రం 3.15 లీటర్ల బదులు 1.8 లీటర్లే ఖర్చయింది. మైలేజీ తగ్గి, ఇంధనం ఆదా అయిన సందర్భమిది. ఈ ప్రాంతంలో సరుకు బండి పొదుపుకు ఇంతకు మించిన మార్గం ఏదీ లేదని ఈ రచయిత అభిప్రాయం. ఏ కొత్త ఇంజనూ ఒక్కసారిగా నలభై శాతం మిగల్చలేదు.

అలాగైతే ఎంత ఎక్కువ వేస్తే అంత లాభమా అన్న సందేహం వస్తుంది. అధిక లోడు వేసినప్పుడు టన్నుకయ్యే డీజిలు తగ్గేమాట నిజమే. ఆ మిగులును కమాను కట్టలు విరగడం, టైర్లు పేలడం, క్లచ్ ప్లేటు అరగడం, బ్రేకు పడకపోవడం మింగేస్తాయి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక లోడుకు 20,000 రూపాయల జరిమానా, పైన ప్రతి అదనపు టన్నుకు మరో 2,000. అన్నిటికంటే ముందు, ఆ రోడ్డు మీద పిల్లలు సైకిళ్ళ మీద బడికి వెళ్తుంటారు.

చదును నేల, ఆగి ఆగి సాగే రోడ్డు

కొండలు లేని చోట మైలేజీ బ్రహ్మాండంగా రావాలి. రాకపోవడానికి మొదటి కారణం ఆగడం. మూడు టన్నుల బండి గంటకు 50 కి.మీ. వేగంలో ఉన్నప్పుడు దానిలోని చలనశక్తిని మళ్ళీ సమకూర్చడానికి సుమారు 27 మిల్లీలీటర్ల డీజిలు కావాలి. నలభైసార్లు ఆగి కదిలితే లీటరు పైనే. పూర్తిగా ఆగక్కర్లేదు కూడా. స్పీడ్ బ్రేకరు దగ్గర 50 నుంచి 15కు తగ్గినా ఆ శక్తిలో పదింట తొమ్మిది వంతులు బ్రేకుల్లో వేడిగా పోయినట్టే. కాలువ కట్ట వెంబడి ఊరు విడవకముందే మరో ఊరు మొదలయ్యే ఈ ప్రాంతంలో స్పీడ్ బ్రేకర్లకు కొదవ లేదు. అవి ప్రాణాలు కాపాడుతున్నాయి కాబట్టి వాటిని తప్పుపట్టడానికి లేదు. దూరం నుంచే యాక్సిలరేటరు వదిలేసి బండిని దానంతట అది నెమ్మదించనిచ్చే డ్రైవరుకు మాత్రం ఈ నష్టం బాగా తగ్గుతుంది. పాత డ్రైవర్లకు మంచి మైలేజీ రావడంలో పెద్ద రహస్యం ఇదే.

1916లో వేసిన తెనాలి–రేపల్లె రైలు మార్గం మీద గేట్లు చాలా ఉన్నాయి. రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజను ఊరికే తిరుగుతుంటే గంటకు అర లీటరు పైచిలుకు తాగుతుంది. గేటు దగ్గర పది నిమిషాలు ఆపకుండా ఉంచితే ఒక కిలోమీటరుకు సరిపడే డీజిలు వృథా.

నల్లరేగడి నేల తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. దాని మీద వేసిన రోడ్డు కొన్నేళ్ళకే అలలు తిరుగుతుంది. మంచి తారురోడ్డు మీద టైరు దొర్లడానికి బరువులో నూరో వంతు బలం చాలు. గతుకుల రోడ్డు మీద ఇది ఒకటిన్నర నుంచి రెండు రెట్లవుతుంది. కొల్లూరు, కొల్లిపర వైపు లంక పొలాల్లో ఇసుక బాటలు ఉంటాయి. వదులు ఇసుకలో పది రెట్లు దాటవచ్చు. అరటి గెలలు, కంద, పసుపు లోడు చేసుకుని లంకలోంచి కట్ట ఎక్కే ఆ కాస్త దూరానికి పట్టే డీజిలు తర్వాత తారురోడ్డు మీద అంతకు ఎన్నో రెట్ల దూరానికి సరిపోతుంది.

డిసెంబరు, జనవరి మాసాల్లో వరి కోతలప్పుడు రోడ్డులో సగం ధాన్యం ఆరబోతకు పోతుంది. ట్రాక్టర్ల వెనక రెండో గేరులో నడవడం తప్పదు. ఆ రెండు నెలల మైలేజీని ఏడాది సగటుగా తీసుకోకూడదు.

సరుకును బట్టి

దుగ్గిరాల పసుపు, తెనాలి యార్డుకు వచ్చే నిమ్మకాయలు, మినుములు, బాపట్ల వ్యవసాయ పరిశోధన నుంచి పుట్టిన బీపీటీ 5204 ధాన్యం బరువైన సరుకులు. వెనక తొట్టి నిండకముందే బండి మోయగల బరువు నిండుతుంది. వాటి లెక్క పైన చూశాం.

వరిగడ్డి దానికి పూర్తిగా భిన్నం. బరువు అయిదారు వందల కిలోలే ఉన్నా క్యాబిను కంటే ఎత్తుగా, రెండు పక్కలా పొంగేలా కడతారు. గాలికి ఎదురు నిలిచే వైశాల్యం దాదాపు రెట్టింపవుతుంది, మొద్దుగా ఉన్న ఆకారం వల్ల నిరోధం ఇంకా పెరుగుతుంది. గడ్డి బండి మీద 60 దాటి పోవడమంటే ధాన్యం బండి కంటే ఎక్కువ డీజిలు కాల్చడమే. పైన పట్టా బిగించి కట్టడం గడ్డి రాలకుండా ఉండటానికే అనుకుంటారు, ఇంధనానికీ అది మేలే. కొట్టుకుంటూ పోయే వదులు పట్టా ప్రతి కిలోమీటరుకూ కొంత తింటుంది.

నిజాంపట్నం హార్బరు నుంచి వచ్చే చేపల, రొయ్యల బండికి ఇంకో సంగతి ఉంది. వేడి ప్రాంతాల్లో సరుకు బరువుకు సమానంగా ఐసు వేయడం ఆనవాయితీ. టన్నున్నర లోడులో అమ్ముడయ్యేది ముప్పావు టన్నే, తక్కినది దారిలో కరిగి నీరయ్యే బరువు. కిలో చేపకయ్యే డీజిలు కిలో ధాన్యానికయ్యేదానికి రెట్టింపు. పైగా చేప ఆగదు కాబట్టి డ్రైవరు వేగం తగ్గించలేడు. నీటిని, ఉప్పు గాలిని తట్టుకోలేక బాడీ తుప్పు పడుతుంది, బ్రేకులు పట్టేసి చక్రం స్వేచ్ఛగా తిరగదు. సముద్రపు ఒడ్డున తిరిగే బండికి మైలేజీ ఉన్నట్టుండి పడిపోతే ఇంజను విప్పకముందు చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో తిప్పి చూడాలి.

పాల బండి ఉదయం ఖాళీగా బయలుదేరి ఊరూరా క్యాన్లు ఎక్కించుకుంటూ వడ్లమూడిలోని సంగం డెయిరీ లాంటి చోటికి నిండుగా చేరుతుంది. సగటున సగం లోడే అయినా ఆగే చోట్లు ఎక్కువ, వేళ తప్పడానికి లేదు.

ఇంటింటికీ రేషన్: ఒక రాష్ట్రవ్యాప్త ఉదాహరణ

తక్కువ దూరం, లెక్కలేనన్ని ఆగడాలు ఉన్నప్పుడు మైలేజీ ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్ మొత్తానికీ ఒకసారి అనుభవంలోకి వచ్చింది. 2021 జనవరి 21న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి విజయవాడలో 9,260 రేషన్ పంపిణీ వాహనాల విధానాన్ని ప్రారంభించారు. వాటిలో 6,413 టాటా ఏస్ గోల్డ్ బండ్లు. ఈ బండి వీధి మొదట్లో ఆగి, బియ్యం తూచి, నాలుగిళ్ళు దాటి మళ్ళీ ఆగేది. ఇంజను పూర్తిగా వేడెక్కే వ్యవధి లేదు, మూడో గేరు పడే సందు లేదు. ఇటువంటి పనిలో లీటరుకు ఎన్ని కిలోమీటర్లన్నది అడగడమే వృథా, ఎన్ని కార్డులకు సరుకు అందిందన్నదే సరైన కొలత. 2025 జూన్ 1 నుంచి ప్రభుత్వం ఈ విధానాన్ని ఆపి పంపిణీని తిరిగి రేషన్ దుకాణాలకు అప్పగించింది.

అమెరికా పెద్ద పికప్‌లు

డాలస్, హ్యూస్టన్ నగరాల్లో స్థిరపడిన తెలుగువాళ్ళు రోజూ చూసే ఫోర్డ్ ఎఫ్-150, షెవర్లే సిల్వరాడో, రామ్ 1500 ఈ తరగతికి పెద్దన్నలు. అక్కడి పర్యావరణ సంస్థ 2008 మోడళ్ళ నుంచి పరీక్షా విధానాన్ని మార్చి, అధిక వేగం, ఏసీ వాడకం, చలి వాతావరణం కూడా లెక్కలోకి తెచ్చింది. దానివల్ల లేబులు మీది అంకె రోడ్డుకు చాలా దగ్గరయింది. గాలనుకు 20 మైళ్ళంటే మన లెక్కలో లీటరుకు 8.5 కి.మీ. లోడు సంగతి మాత్రం అక్కడా లేదు. లోడుతో కలిపి అనుమతించిన బరువు 8,500 పౌండ్లు, అంటే 3,855 కిలోలు దాటిన పెద్ద పికప్ ట్రక్కులకు మైలేజీ లేబులే అక్కర్లేదు. మన బొలెరో పికప్ టన్నున్నర మోస్తూ ఇచ్చే మైలేజీ, అక్కడి పెద్ద పికప్ ఒక్క మనిషితో ఆఫీసుకు వెళ్తూ ఇచ్చేదానికి తీసిపోదు.

ఇంధనం, ధర

2014 అక్టోబరులో డీజిలు ధరపై కేంద్రం నియంత్రణ ఎత్తేశాక మైలేజీ ప్రతి ఇంటి లెక్కలోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో డీజిలుపై 22.25 శాతం వ్యాట్, లీటరుకు మరో 4 రూపాయలు, రోడ్ల సెస్సు 1 రూపాయి ఉండటంతో 2025లో లీటరు 97 రూపాయలు దాటింది. పొరుగు రాష్ట్రాల కంటే ఇది ఎక్కువ. ఈ ధర దగ్గర మైలేజీ 10 నుంచి 12కు పెరగడం, 16 నుంచి 18కి పెరగడం ఒకటి కావు. మొదటి దానిలో వంద కిలోమీటర్లకు 1.67 లీటర్లు మిగులుతుంది, రెండో దానిలో 0.7 లీటరు మాత్రమే. బాగుచేయించాల్సింది ముందు తక్కువ ఇచ్చే బండినే.

2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 నిబంధనలతో డీజిలు బండ్లలో చాలావాటికి పొగ మసిని పట్టే ఫిల్టరు వచ్చింది. నిండిన మసిని కాల్చివేయడానికి బండి కాసేపు నిలకడైన వేగంతో నడవాలి. యార్డుకూ మిల్లుకూ మధ్యే తిరిగే బండికి ఆ అవకాశం దొరక్క, ఫిల్టరు శుద్ధికి అదనపు డీజిలు పోతుంది. వారానికోసారైనా పెద్ద రోడ్డెక్కించడం దీనికి విరుగుడు.

పెట్రోలు బండ్లకు ఇథనాల్ సంగతి ఉంది. ఇథనాల్ లీటరులోని శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులు. 20 శాతం కలిపిన పెట్రోలు కోసం సర్దిన బండిలో మైలేజీ 1–2 శాతమే తగ్గుతుందనీ, ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొందిన పాత నాలుగు చక్రాల బండ్లలో 6–7 శాతం దాకా తగ్గవచ్చనీ నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసింది. సీఎన్‌జీ బండి మైలేజీని కిలోకు చెబుతారు. కిలో సీఎన్‌జీలో లీటరు డీజిలు కంటే శక్తి దాదాపు మూడో వంతు ఎక్కువ కాబట్టి ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు.

కొలిచే తీరు

ట్యాంకు నిండుగా కొట్టించి, మీటరు రాసుకుని, మళ్ళీ అదే బంకులో అదే పంపు దగ్గర నిండుగా కొట్టించి భాగించడం అందరికీ తెలిసిన పద్ధతే. ఒక్క ట్యాంకు లెక్క నమ్మదగినది కాదు, నాజిల్ ఎక్కడ ఆగిందన్నదాన్ని బట్టే లీటరు అటూఇటూ అవుతుంది. మూడు నాలుగు ట్యాంకుల మొత్తం తీయాలి. కంపెనీ ఇచ్చినదాని కంటే పెద్ద టైర్లు వేస్తే మీటరు తక్కువ చూపిస్తుంది, మైలేజీ పడిపోయినట్టు భ్రమ కలుగుతుంది. టైర్లలో గాలి తగ్గితే పడిపోయేది మాత్రం నిజంగానే. ప్రతి ట్రిప్పుకూ బరువు ఎంత, ఖాళీ దూరం ఎంత అని రెండు గళ్ళు అదనంగా రాసుకుంటే టన్నుకు ఎంత డీజిలు పోతోందో నెలాఖరుకు తేలిపోతుంది. కిరాయి బేరం ఆ అంకె మీద ఆడాలి.

విద్యుత్ బండ్లు

2022 మేలో టాటా విడుదల చేసిన ఏస్ ఈవీలో 21.3 యూనిట్ల బ్యాటరీ, ధ్రువీకరించిన దూరం 154 కి.మీ. బ్రేకు వేసినప్పుడు పోయే శక్తిలో కొంత భాగం తిరిగి బ్యాటరీలోకి చేరుతుంది గనుక, డీజిలు బండిని ఎక్కువగా నష్టపరిచే స్పీడ్ బ్రేకర్లు, గేట్లు, వీధి మలుపులు దీన్ని అంతగా బాధించవు. తెనాలి పట్టణంలో, చుట్టుపక్కల ఊళ్ళలో తిరిగే పనికి నప్పుతుంది. రేపల్లె నుంచి విజయవాడకు రానూపోనూ సుమారు 130 కి.మీ. నిండు లోడుతో, ఎండాకాలంలో, 154 అన్న అంకె డీజిలు బండి బ్రోచరు అంకెలాగే తగ్గుతుంది కాబట్టి ఆ దారిలో విజయవాడలో సరుకు దించే వేళకు ఛార్జింగు పెట్టుకునే వీలు చూసుకున్నాకే కిరాయి ఒప్పుకోవడం మంచిది.